దెయ్యం కనబడితేనే భయమా? హారర్ నవలలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: దెయ్యం ఎంత ఎక్కువగా కనిపిస్తే అంత భయం.

కోరలు, గోళ్ళు, విరబోసుకున్న జుట్టు, అన్నీ రచయితే వర్ణించేశాక ఇక ఊహకి పనేముంది? షర్లీ జాక్సన్ ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’ (1959)లో దెయ్యం ఎదురుగా వచ్చి నిలబడదు. రాత్రిపూట తలుపులు బాదిన చప్పుడు, గోడ మీద రాత, అంతే. ఒకచోట కథానాయిక ఎలనార్ చీకట్లో స్నేహితురాలి చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంటుంది. వెలుతురు వచ్చాక చూస్తే స్నేహితురాలు దూరంగా ఉంది. మరి ఆ చెయ్యి ఎవరిది? నిద్ర పట్టకుండా చేసేది ఆ ప్రశ్నే. హెన్రీ జేమ్స్ ‘ది టర్న్ ఆఫ్ ది స్క్రూ’ (1898)లో అయితే దెయ్యాలు నిజమా, పిల్లల్ని చూసుకునే ఆమె భ్రమా అన్నది ఆఖరికీ తేలదు. ముడి విప్పితే గానీ ఊరుకోని పాఠకులకి అది ఇవ్వకండి, విసుక్కుంటారు.

అపోహ: ‘డ్రాక్యులా’తోనే మొదలుపెట్టాలి.

గొప్ప నవలే. కానీ 1897 నాటిది, నడిచేదంతా డైరీలు, ఉత్తరాల్లోనే. కోటలో జరిగే మొదటి 4 అధ్యాయాలు ఊపిరాడనివ్వవు. 5వ దాంట్లో ఉన్నట్టుండి ఇద్దరు స్నేహితురాళ్ళ కబుర్లు మొదలవుతాయి, పుస్తకం పక్కన పడేది అక్కడే. 7వ అధ్యాయంలో ఓడ లాగ్‌బుక్ వచ్చేదాకా ఓపిక పట్టమని ముందే చెప్పాలి. కొత్తవాళ్ళకి సూసన్ హిల్ ‘ది వుమన్ ఇన్ బ్లాక్’ (1983) నయం. చిన్నది, రెండు రాత్రుల్లో అయిపోతుంది.

అపోహ: దెయ్యం లేకపోతే హారర్ రుచి ఉండదు.

డాఫ్నీ డు మారియే ‘రెబెకా’ (1938) చదవండి. దెయ్యం లేదు, చనిపోయిన మొదటి భార్య మాత్రం ప్రతి గదిలోనూ ఉంటుంది.

అపోహ: తెలుగు క్షుద్ర నవలలు ఏకబిగిన చదవాలి.

యండమూరి ‘తులసిదళం’ సీరియల్‌గా వచ్చిన నవల. వారం వారం పాఠకుణ్ణి పట్టి ఉంచాలి కాబట్టి ఉలికిపాట్లు దగ్గర దగ్గరగా పడతాయి. వరసగా మింగేస్తే వాటి పదును పోతుంది, రాత్రికి మూడు నాలుగు అధ్యాయాలు చాలు. ‘తులసి’ దాని తరువాయి, ముందు పట్టుకోకండి. ‘తులసిదళం’లో ఆపద చిన్నపాప మీదికే వస్తుంది కనుక, ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్ళకి ఆ సంగతి చెప్పి మరీ ఇవ్వాలి.

పాత ప్రతుల కోసం ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కి వెళ్తే అట్ట కన్నా ముందు చివరి పేజీలు చూడండి. కుట్టు వదిలితే మొదట ఊడిపోయేవి అవే. దెయ్యం కథకి ఆ పేజీలు లేకపోతే కొన్నదంతా వృథా.