విప్లవాలు ఎందుకు వస్తాయి? క్లాసులో నాకు తరచూ ఎదురయ్యే అపోహలు

తిరుపతిలో డిగ్రీ పిల్లలకూ, గ్రూప్స్‌కి ప్రిపేరయ్యేవాళ్లకూ చరిత్ర చెబుతుంటాను. విప్లవానికి కారణాలు అనగానే సామాజిక, ఆర్థిక, రాజకీయ అని మూడు హెడ్డింగులు పెట్టి బట్టీ పట్టేస్తారు. ఆ మూడూ ఒకదాన్నొకటి ఎలా రాజేశాయో వదిలేస్తారు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

అపోహ: జనం ఆకలితో అలమటిస్తే విప్లవం వచ్చి తీరుతుంది.

వాస్తవం: అదే నిజమైతే 1876–78లో మన సీమలోనే రావాలి. ధాత నామ సంవత్సరంలో మొదలైన ఆ కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చనిపోయారు. కరువు పనుల్లో రోజంతా రాళ్లు మోసిన మగమనిషికి ఒక దశలో ఇచ్చింది పౌను (సుమారు అర కిలో) గింజలు, ఒక అణా. అక్కడక్కడా ధాన్యం లూటీలు జరిగాయి, అంతే. ఖజానా, పోలీసు, సైన్యం తెల్లవాళ్ల చేతిలో చెక్కుచెదరలేదు. అర్ధాకలి మనిషికి తిరగబడే ఓపిక మాత్రం ఎక్కడిది?

ఫ్రాన్స్‌లోనూ 1788లో పంట పోయింది. మరుసటి ఏడాదికి పారిస్ కూలివాడి సంపాదనలో సగానికి పైగా రొట్టెకే పోయేది. కానీ అక్కడ అదే సమయానికి ఖజానా కూడా ఖాళీ. అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి తెచ్చిన అప్పుల వల్ల రాజు ఆదాయంలో సుమారు సగం వడ్డీలకే సరిపోయేది. పన్ను మినహాయింపులున్న ప్రభువులు సంస్కరణలకు అడ్డుపడ్డారు. దాంతో 1614 తర్వాత ఎన్నడూ పిలవని ప్రతినిధుల సభను 1789 మేలో పిలవాల్సి వచ్చింది. పుట్టుకతో వచ్చే హోదాలు, అప్పు, అధికారం కోసం పెనుగులాట, అన్నీ అక్కడ ఒకేచోట కలిశాయి. జూలై 14న పారిస్‌లోని బాస్టిల్ కోట జైలు దగ్గర రాజుగారి గార్డులే కొందరు ఫిరంగులతో జనం వైపు వచ్చారు.

అపోహ: "రొట్టె లేకపోతే కేకు తినండి" అని రాణి అన్నందుకే జనం రగిలిపోయారు.

వాస్తవం: ఆమె అలా అన్నదనడానికి ఆధారం లేదు. దయచేసి పరీక్షలో రాయకండి.

అపోహ: గొప్ప నాయకుడు ఉంటేనే విప్లవం.

వాస్తవం: 1917 ఫిబ్రవరిలో రష్యా చక్రవర్తి జారును దించిన తిరుగుబాటు మొదలైనప్పుడు విప్లవ నాయకుడు లెనిన్ స్విట్జర్లాండ్‌లో ఉన్నాడు. రాజధాని పెట్రోగ్రాడ్‌లో రొట్టె కోసం ముందు వీధికెక్కింది బట్టల మిల్లుల ఆడవాళ్లు. నాలుగో రోజున వోలిన్‌స్కీ రెజిమెంటు సిపాయిలు జనం మీద కాల్పులు జరిపారు. తెల్లారేసరికి అదే రెజిమెంటు ఎదురుతిరిగింది. 1905 తిరుగుబాటులో సైన్యం చాలావరకు జారు వైపే ఉంది, అతను గట్టెక్కాడు. ఈసారి ఆ అండ పోయింది. నన్నడిగితే మార్కులన్నీ ఈ తేడా రాసినవాళ్లకే వేస్తాను.

అపోహ: ఎవరో బయటివాళ్లు రెచ్చగొడితేనే పల్లె జనం తిరగబడతారు.

వాస్తవం: నిజాం కాలపు తెలంగాణ చూడండి. చాకలి, కుమ్మరి, మాదిగ కులాలవాళ్లు దొర ఇంట్లో కూలి లేకుండా వెట్టి చేయాల్సి వచ్చేది. దానికి తోడు సర్కారు బలవంతంగా సేకరించే లెవీ ధాన్యం, భూముల నుంచి బేదఖళ్లు (వెళ్లగొట్టడాలు). ఏళ్ల తరబడి దిగమింగుకున్న ఆ అవమానానికి ఊళ్లలో వెలసిన సంఘాలు ఒక తోవ చూపాయి. 1946 జూలై 4న కడవెండిలో దేశ్‌ముఖ్ (పెద్ద భూస్వామి) గూండాల తూటాకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాక, ఇక వెట్టి చేసేది లేదని జనం ఊరూరా ఎదురుతిరిగారు.