పావుకిలో పసుపు లెక్క

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల తెలుగు ఇళ్ళకు కంధమాల్ కొండల పసుపు కొత్త కాదు. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు పసుపు మందన్న మాట మాత్రం కొంచెం ఆగి లెక్క వేసుకోవాల్సింది. అది గాల్లోంచి పుట్టిన మాటేమీ కాదు.

ఈ క్యాన్సర్ దాదాపు ప్రతిసారీ హెచ్‌పీవీ వైరస్ వల్లనే వస్తుంది. అందులో 16, 18 రకాల వాటాయే సుమారు 70 శాతం. వైరస్ తయారుచేసే ఈ6 అనే ప్రొటీన్, కణానికి కాపలా కాసే పీ53ని ముక్కలు చేయిస్తుంది. ఈ7 ఏమో, కణవిభజనకు బ్రేకు వేసే ఆర్‌బీని పనిచేయనివ్వదు. పసుపులోని కర్క్యుమిన్‌ను ప్రయోగశాల గిన్నెలో హీలా అనే క్యాన్సర్ కణాల మీద పోస్తే వైరస్ తాలూకు ఈ6, ఈ7 రెండూ తగ్గుతాయి, కణాలు చస్తాయి. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే మహిళ ముఖద్వార కణితి నుంచి తీసిన ఆ కణాల్లో ఉన్నది 18వ రకం వైరస్సే.

చిక్కంతా మోతాదులో ఉంది. గిన్నెలో సాధారణంగా వాడేది లీటరుకు 10 నుంచి 50 మైక్రోమోల్స్ (అణువుల సంఖ్యను లెక్కించే కొలత). 2001లో తైవాన్ వైద్యులు మనుషులకు రోజుకు 8 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి చూస్తే, రక్తంలో అత్యధికంగా కనిపించింది సగటున లీటరుకు 1.77 మైక్రోమోల్స్. పసుపు పొడిలో కర్క్యుమిన్ 3 శాతం అనుకుంటే, ఆ 8 గ్రాముల కోసం రోజూ 270 గ్రాముల పొడి మింగాలి. పావుకిలో దాటింది! అంత మింగినా గిన్నెలో పోసిన దానికి దరిదాపుల్లోకి రాదు. పేగు గోడ, కాలేయం కలిసి కర్క్యుమిన్‌కు వేరే అణువులు తగిలించి చకచకా బయటికి పంపేస్తాయి.

మిరియాలు కలిపితే? 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌కు మిరియాల్లో ఉండే పైపరిన్ 20 మిల్లీగ్రాములు జోడిస్తే, రక్తంలోకి చేరేది 20 రెట్లు పెరిగింది. కానీ పైపరిన్ అడ్డుకునే కాలేయపు ఎంజైములే చాలా మందులనూ విరగ్గొడతాయి. కీమో నడుస్తుండగా ‘పసుపు-మిరియం’ క్యాప్సూల్స్ వేసుకునేవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి.

ముఖద్వారం బయటినుంచి అందే చోటే కాబట్టి, నేరుగా అక్కడే మందు పెట్టి చూశారు. కోల్‌కతా పరిశోధకుల ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. వైరస్ ఉండి, తీవ్రమైన మార్పులింకా మొదలవని స్త్రీలు 30 రోజులు వాడారు. కర్క్యుమిన్ వాడినవారిలో 81.3 శాతం మందికి వైరస్ పోయింది. వినగానే గొప్పగా ఉంటుంది. మందు లేని ఉత్తుత్తి క్యాప్సూల్, క్రీము వాడినవారిలోనూ 73.3 శాతం మందికి పోయింది. ఆ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పడానికి చాల్లేదు. హెచ్‌పీవీ చాలామందిలో ఒకటి రెండేళ్ళలో దానంతటదే పోతుంది. నాటుమందులకు పేరు రావడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. కర్క్యుమిన్‌కు ఉసిరి, కుంకుడు, కలబంద కలిపిన మరో క్రీము 87.7 శాతంతో మెరుగనిపించింది, దానితోపాటు మంట, దురదా ఎక్కువయ్యాయి. ఇవన్నీ వైరస్ దశ సంగతులు. కణితి వచ్చాక ఇంట్లో నూరిన ముద్ద పెట్టుకుంటే పుండు రేగుతుంది, చికిత్స ఆలస్యమవుతుంది.

మొక్కల నుంచి వచ్చి ఈ క్యాన్సర్‌లో నిజంగా వాడుతున్న మందులు వేరే ఉన్నాయి. చైనా చెట్టు ఒకదానిలో 1966లో దొరికిన కాంప్టోథెసిన్ మొదట బెడిసికొట్టింది. నీటిలో కరగదు, కరిగేలా ఉప్పుగా మార్చి ఇస్తే మూత్రాశయం రక్తమోడింది. అణువును సవరించి టోపోటెకాన్ చేశాకే దారికొచ్చింది. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందుతో కలిపి ముదిరిన ముఖద్వార క్యాన్సర్‌కు వాడేందుకు 2006లో అమెరికా అనుమతించింది. అదే కాంప్టోథెసిన్ మహారాష్ట్ర పడమటి కనుమల్లో నరక్యా అనే చెట్టులోనూ ఉంది. దాని కషాయం తాగితే మందు కాదు, సవరించని ఆ పాత విషమే.

యూ చెట్టు బెరడులో దొరికిన పాక్లిటాక్సెల్ కణం చీలకుండా పట్టేస్తుంది. అదీ నీటిలో కరగదు. అందుకని ఆముదం నుంచి చేసిన ద్రావకంలో కలుపుతారు. ఆ ద్రావకం పీవీసీ గొట్టాల్లోని ప్లాస్టిక్ రసాయనాన్ని లాగుతుంది కాబట్టి వేరే రకం గొట్టాల సెట్ పెట్టాలి. కొందరికి తీవ్రమైన అలర్జీ కూడా వస్తుంది. దాన్ని ఆపడానికి చాలాచోట్ల మందు ఎక్కించే 12 గంటల ముందు, మళ్ళీ 6 గంటల ముందు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మాత్రలిస్తారు. పర్లాకిమిడి నుంచి తెల్లారకముందే విశాఖ బయల్దేరేవారు తప్పేది ఇక్కడే. మొదటి మోతాదు ముందురోజు రాత్రి ఇంట్లోనే పడాలి. మరిచిపోతే దాచకుండా నర్సుకు చెప్పాలి, ఇంజెక్షన్‌తో సర్దవచ్చు.

వంటింటి సామానులో ఈ జబ్బు మీద బాగా రుజువైనది పసుపు కాదు, వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం. అదీ మందుగా కాదు, జబ్బును ముందే పట్టడానికి. 3 నుంచి 5 శాతం ద్రావణాన్ని ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగితే, తేడా చేసిన చోటు తెల్లబడుతుంది. ముంబై బస్తీల్లో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి ఇలా చూస్తే, ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. నిమిషం ఆగకుండా చూసినా, వెలుతురు చాలకపోయినా మచ్చ దొరకదు. ముట్లుడిగిన స్త్రీలలో మార్పులు మొదలయ్యే భాగం లోపలికి జరిగిపోతుంది కాబట్టి, వారికి హెచ్‌పీవీ పరీక్షే అడగాలి.