పాఠాల్లో చోటు కోసం: అమెరికా లాటినో విద్యార్థుల పోరాట నేపథ్యం

అమెరికాలో ఒక కళాశాల విద్యార్థుల్లో కనీసం 25 శాతం మంది లాటినోలు (లాటిన్ అమెరికా మూలాలున్నవారు) అయితే, మరికొన్ని షరతులకు లోబడి, దానికి ప్రత్యేక కేంద్ర నిధులు పొందే అర్హత వస్తుంది. 1992లో ఉన్నత విద్యా చట్టాన్ని సవరించినప్పుడు ఈ కొలమానం పెట్టారు. ఆ విద్యార్థులకు ఏం బోధిస్తున్నారన్న సంగతి మాత్రం దానికి పట్టదు. ఆ విషయంలో దక్కినది చాలావరకు విద్యార్థులు పోరాడి తెచ్చుకున్నదే.

1968 మార్చిలో తూర్పు లాస్ ఏంజెలిస్ ఉన్నత పాఠశాలల నుంచి వేలాది మెక్సికన్ అమెరికన్ విద్యార్థులు తరగతులు బహిష్కరించి వీధుల్లోకి వచ్చారు. బడిలో స్పానిష్ మాట్లాడితే దండించడం, కాలేజీ చదువుకు బదులు చేతిపనుల శిక్షణకు మళ్ళించడం, పాఠ్యపుస్తకాల్లో తమవారి ఊసే లేకపోవడం వారి ఫిర్యాదులు. అదే ఏడాది నవంబరు 6న శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కళాశాలలో నల్లజాతి, లాటినో, ఆసియా సంతతి విద్యార్థులు కలిసి నడిపిన సమ్మె మొదలై, 1969 మార్చి 20 దాకా సాగి, దేశంలో తొలి ఎత్నిక్ స్టడీస్ (అల్పసంఖ్యాక జాతి సమూహాల చరిత్ర, సంస్కృతుల అధ్యయనం) కళాశాలకు దారితీసింది. మరుసటి నెలలో శాంటా బార్బరాలో సమావేశమైన చికానో (మెక్సికన్ అమెరికన్) విద్యార్థులు, అధ్యాపకులు విశ్వవిద్యాలయాల్లో తమ చరిత్రకు చోటు కోరుతూ ఒక ప్రణాళిక రాసుకున్నారు.

అసలు చిక్కు ఈ అధ్యయనాలకు విశ్వవిద్యాలయంలో ప్రత్యేక శాఖ హోదా ఇచ్చే దగ్గర వచ్చింది. శాఖ లేని చోట సొంత అధ్యాపకులు ఉండరు. ఇతర శాఖలవారు వీలు చూసుకుని వచ్చి పాఠం చెప్పాలి. యూసీఎల్‌ఏ (లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం)లో 1973 నుంచి చికానో స్టడీస్ సాగింది ఇలాగే. శాఖ ఇవ్వబోమని ఛాన్సలర్ చార్లెస్ యంగ్ 1993 ఏప్రిల్ 28న ప్రకటించారు. మెక్సికన్ అమెరికన్ అయిన వ్యవసాయ కూలీల నాయకుడు సీజర్ చావెజ్ అంత్యక్రియలకు అది ముందు రోజు. అంతకంటే చెడ్డ ముహూర్తం దొరకడం కష్టం. మే 25న కొందరు విద్యార్థులు, వారితో పాటు ఒక అధ్యాపకుడు, నిరాహార దీక్షకు కూర్చున్నారు. గాంధీని ఆరాధించిన చావెజ్ 1968లో 25 రోజులు దీక్ష చేసినవాడే కనుక, ఆ మార్గం వారికి కొత్తది కాదు. 14వ రోజున కుదిరిన ఒప్పందంలో శాఖ దక్కలేదు గానీ, అధ్యాపకులను సొంతంగా నియమించుకునే అధికారంతో చావెజ్ పేరిట ఒక కేంద్రం ఏర్పడింది. అది శాఖగా మారింది 2005లో.

2020 జూలైలో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ పాలకమండలి ఎత్నిక్ స్టడీస్‌ను తప్పనిసరి చేస్తూనే, సామాజిక న్యాయానికి సంబంధించిన వేరే కోర్సు చదివినా సరిపోతుందన్న వెసులుబాటు ఉంచింది. ఆ దారిన వెళ్తే ఈ జాతి సమూహాల్లో ఏ ఒక్కరి చరిత్రా చదవకుండానే పట్టా పుచ్చుకోవచ్చని ఎత్నిక్ స్టడీస్ అధ్యాపకులు అభ్యంతరపెట్టారు. ఆగస్టులో గవర్నర్ గావిన్ న్యూసమ్ సంతకం చేసిన చట్టం ఆ దారి మూసి, నల్లజాతి, లాటినో, ఆసియా అమెరికన్, మూలవాసీ సమూహాల అధ్యయనాల్లో ఒక కోర్సు చదివి తీరాలని నిర్దేశించింది.