18446744073709551615: చివరి అంకె పోతే ఏం పోతుంది?

హైటెక్ సిటీలో డేటాబేస్ పని చేసేవాళ్లకు ఈ సంఖ్య కొత్త కాదు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో మైనస్ విలువలు తీసుకోని బిగ్‌ఇంట్ (పెద్ద పూర్ణాంకాల) కాలమ్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. 64 బిట్లూ (0 లేదా 1 పట్టే చోట్లు) ఒకట్లే అయితే వచ్చే విలువ, అంటే 2కి 64వ ఘాతంలో ఒకటి తక్కువ. మన లెక్కలో దాదాపు 1,84,467 కోటి కోట్లు. వెబ్ పేజీల్లో వాడే జావాస్క్రిప్ట్ భాషలో మామూలు నంబరుగా చదివితే మాత్రం తెర మీద 18446744073709552000 కనిపిస్తుంది. ఐడీ (రికార్డు గుర్తింపు సంఖ్య) ఎక్కడ మారిందని సర్వర్ జట్టు, బ్రౌజర్ జట్టు తల పట్టుకునేది ఇక్కడే.

కంప్యూటర్లకు ఎంతో ముందే ఈ సంఖ్యను లెక్కగట్టారు. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, ఆపై గడిగడికీ రెట్టింపు చేస్తూ పోతే 64 గడుల మొత్తం ఇదే. సుమారు క్రీ.శ. 1000లో పండితుడు అల్ బిరూనీ దీన్ని గణించాడు. తెలుగులో ‘శర శశి షట్క చంద్ర’ అంటూ మొదలయ్యే చంపకమాల దీన్ని మోస్తోంది. ఇందులో ఒక్కో పదం ఒక్కో అంకెకు గుర్తు: శరాలు 5, శశి 1, షట్కం 6, చంద్రుడు 1... అలా సాగి కుంజరం 8, తుహినాంశువు 1 దగ్గర లెక్క ముగుస్తుంది. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోవాలి. గణాలు, యతిప్రాసలు తప్పకుండా ఇరవై అంకెలనూ ఇమిడ్చిన ఆ నేర్పుకు దండం పెట్టాలి. పద్యం మొదలయ్యేదే చివరి అంకెతో!

ఆ 5 కాస్తా 6 అయితే సంఖ్య జాతే మారిపోతుంది. అప్పుడది 2 తప్ప మరో ప్రధాన కారణాంకం లేని సరి సంఖ్య. జావాస్క్రిప్ట్ లోపల నిల్వ చేసుకునేది సరిగ్గా దాన్నే. అసలు సంఖ్య మాత్రం 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం. ఏదీ రెండోసారి రాదు కనుక భాజకాలు 128. తనను వదిలి మిగతా భాజకాలన్నీ కూడినా తనంత కాదు కాబట్టి న్యూన సంఖ్య.

వీటిలో 641 కథ వేరు. 3, 5, 17, 257, 65537 వరుసను చూసిన గణితవేత్త ఫెర్మా, తర్వాతి 4294967297 కూడా ప్రధాన సంఖ్యేనని 1640 ప్రాంతంలో నమ్మాడు. కాదని 1732లో మరో గణితవేత్త ఆయిలర్ తేల్చాడు. దాని ప్రధాన కారణాంకం ఏదైనా 64 గుణిజం కన్నా ఒకటి ఎక్కువ ఉండాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. ఐదోదే భాగించింది, 6700417 మిగిలింది. ఫెర్మా చూసిన 3, 5, 17, 257, 65537ల లబ్ధమైన 4294967295 భుజాల సమబహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయడం సిద్ధాంతరీత్యా సాధ్యమే. 641 చేరగానే ఆ అర్హత పోతుంది.

జావాస్క్రిప్ట్ మామూలు నంబరులో విలువకు దక్కేది 53 బిట్లే. 9007199254740992 దాటాక ప్రతి పూర్ణాంకానికీ విడిగా చోటుండదు. జావాస్క్రిప్ట్ 2020 ప్రమాణంలో పెద్ద పూర్ణాంకాల కోసం, దానికీ బిగ్‌ఇంట్ అనే పేరుతోనే, కొత్త రకం వచ్చింది. అయినా సర్వర్, బ్రౌజర్ డేటా ఇచ్చిపుచ్చుకునే జేసన్ రూపంలో పంపేటప్పుడు ఐడీని కొటేషన్లలో పెట్టి, అక్షరాల వరుసగా పంపడమే క్షేమం.