గంటకు 16 లక్షల చప్పట్లు

ఒక పాఠకుడు పంపిన ప్రశ్న వారం రోజులుగా నన్ను వదలడం లేదు. 2022 జూన్ 25న ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీ సంగీత ఉత్సవంలో, ఒకప్పటి బీటిల్స్ రాక్ బృందం గాయకుడు పాల్ మెకార్ట్నీ పాడారు. అప్పటికి ఆయనకు 80 నిండి సరిగ్గా వారం. ఆ కచేరీ చూసిన ఈ పాఠకుడి సందేహం ఇదీ: "ఒక్క గిటార్ పట్టుకుని నెమ్మదిగా పాడే 'బ్లాక్‌బర్డ్'లో గొంతు సన్నబడి వణికింది. అదే మనిషి చివర్లో 'హెల్టర్ స్కెల్టర్' అందుకుని గొంతు చించుకున్నాడు. వయసు మీదపడితే ముందు పోవాల్సింది అరుపు కదా! మెత్తటి పాట పోయి అరుపు మిగలడం ఏమిటి?"

రాక్ గాయకుల గురించి మామూలుగా వచ్చే ప్రశ్న వేరు. అన్నేళ్లు అరిచినా వాళ్ల గొంతు ఎలా నిలిచింది అని అడుగుతారు. ఈయన దాన్ని తిరగేశారు. నాకైతే తిరగేసిందే అసలు ప్రశ్న అనిపించింది.

స్వరపేటిక బొమ్మ, అందులోని మృదులాస్థుల పేర్లు బడి పుస్తకాల్లో ఉన్నాయి, వాటి జోలికి పోను. ఆ పుస్తకాల్లోని ఒక్క మాట మీద మాత్రం నాకు పాత కక్ష ఉంది. అది 'స్వరతంతువులు'. తంతువు అనగానే పిల్లల బుర్రలో గిటార్ తీగో వయొలిన్ తీగో మెదులుతుంది. తప్పు పుస్తకం రాసినవాళ్లది కూడా కాదు. 1741లో ఆంట్వాన్ ఫెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు వాటిని తీగలనుకున్నాడు, ఊపిరిని వాటి మీద నడిచే కమాను అనుకున్నాడు, ఆ పేరే పెట్టాడు. అది అలా అతుక్కుపోయింది. నిజానికి అవి రెండు తడి మడతలు. మగవాళ్లలో రెండు సెంటీమీటర్లకు అటూఇటూ, ఆడవాళ్లలో ఇంకా పొట్టి. ముందు కొసలు ఒకచోట అతుక్కుని ఉంటాయి, వెనక కొసలు దగ్గరకీ దూరానికీ జరుగుతాయి. పాడేటప్పుడు ఇవి తీగల్లా మోగవు, ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. అంటే చప్పట్లు కొడతాయి.

ఇక వ్యాసమంతా ఈ చప్పట్ల చుట్టూనే తిప్పబోతున్నాను, ముందే చెప్పేస్తున్నా.

వాయిద్యాలు శ్రుతి చేసుకునే స్వరానికి సెకనుకు 440 కంపనాలు. రాక్ గాయకుడు గొంతెత్తి పాడే స్వరాలు దీనికి కాస్త కిందా పైనా ఉంటాయి. ఆ స్వరం పట్టుకున్నంతసేపూ మడతలు సెకనుకు 440 సార్లు కలిసి విడిపోతాయి. రెండు గంటల కచేరీలో గిటార్ సోలోలు, జనంతో కబుర్లు, ఊపిరి తీసుకునే ఖాళీలు పోగా నికరంగా గంటసేపు గొంతు మోగిందనుకుందాం. 440ని 3,600తో గుణిస్తే 15,84,000. గంటకు దాదాపు 16 లక్షల చప్పట్లు! ఒక్కో చప్పటకు మడత అంచు ఒక మిల్లీమీటరు పోయి ఒక మిల్లీమీటరు వస్తుందని లెక్కేసినా, ఆ రాత్రి అది తిరిగిన దూరం 3 కిలోమీటర్లు దాటుతుంది. మీరు సెకనుకు రెండు చొప్పున గంటసేపు చప్పట్లు కొట్టినా 7,200 దాటవు, ఆ పాటికే అరచేతులు కందిపోయి ఉంటాయి.

ఇంతకీ ఈ చప్పట్లు కొట్టేది ఎవరు? 1950లో రౌల్ హుస్సన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, ఒక్కో చప్పటకూ మెదడు నుంచి ఒక్కో నరాల సంకేతం వస్తుందని వాదించాడు. వినడానికి బాగుంది కానీ కండరాలకు అంత వేగం ఎక్కడిది? 1958లో నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ డెన్ బెర్గ్ ఆ వాదాన్ని మూలకు నెట్టాడు. కండరాలు రెండు చేతుల్నీ దగ్గరకు తెచ్చి పట్టుకుంటాయి, అంతవరకే వాటి పని. కింది నుంచి గాలి తోసి వాటిని విడదీస్తుంది. విడిపోయినవి తమ బిగువుతో, మధ్యలోంచి దూసుకుపోయే గాలి వల్ల పడిపోయే ఒత్తిడితో మళ్లీ మూసుకుంటాయి. కొట్టేదీ విప్పేదీ ఊపిరే.

అయితే ఆ ఊపిరికి కనీసం ఇంత ఒత్తిడి ఉండాలి, లేకపోతే చప్పట్లు మొదలే కావు, ఉత్త గాలి బుస్సుమంటుంది. ఆ ఒత్తిడి ఎంతో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. గ్లాసు నీళ్లలో స్ట్రాను మూడు సెంటీమీటర్ల లోతు ముంచి ఊదండి. బుడగ రావడానికి ఎంత ఊదారో, ఆరోగ్యంగా ఉన్న గొంతు మెత్తగా మోగడానికి దాదాపు అంత చాలు. స్ట్రాను పది సెంటీమీటర్లకు దించితే అది కాస్త గట్టిగా మాట్లాడే మాట. గొంతెత్తి పాడేటప్పుడు ముప్పై దాటుతుంది. అంత లోతు గ్లాసు మీ ఇంట్లో ఉండదు. ఈ మూడు సెంటీమీటర్లను గడప అందాం. దీనితో మళ్లీ పని ఉంది.

ఇప్పుడు అరచేతి సంగతి. 1974లో జపాన్ వైద్యుడు మినోరు హిరానో ఈ మడత ఒకే ముద్ద కాదని చూపించాడు. లోపల కండరం. దాని మీద జెల్లీలాంటి మెత్తటి పొర. ఆ పైన పల్చటి తడి చర్మం. కండరం దాదాపు కదలదు, దాని మీద ముసుగు జారుతూ అల కడుతుంది. స్ట్రోబ్ లైటుతో తీసిన వీడియో ఒకటి చూస్తే జన్మలో మరిచిపోలేరు. గొంతు కంపనం కంటే కొంచెం నెమ్మదిగా దీపం మెరిపిస్తారు, దాంతో సెకనుకు వందలసార్లు జరిగేది తీరిగ్గా జరుగుతున్నట్టు కనబడుతుంది. ముత్యం రంగు అంచులు రెండు, కింది పెదవి ముందు విడిపోయి, ఆ వెనకే పై పెదవి విడిపోయి, అల పక్కకు దొర్లిపోతుంది. మనం స్వరం అనుకునేదంతా ఆ జెల్లీ దొర్లడమే.

16 లక్షల దెబ్బలు తిన్న జెల్లీ ఏమవుతుంది? వాస్తుంది. 1963 ఫిబ్రవరి 11న బీటిల్స్ తమ మొదటి ఆల్బమ్ కోసం లండన్‌లో ఒక్క రోజులో పది పాటలు రికార్డు చేశారు. బృందంలోని జాన్ లెనన్‌కు జలుబు. గొంతును చీల్చేసే 'ట్విస్ట్ అండ్ షౌట్'ను కావాలనే చిట్టచివరకు ఉంచారు, అది పాడాక ఇక వేరే పాటకు గొంతు మిగలదని వాళ్లకు తెలుసు. మొదటిసారి పాడిందే ఆల్బమ్‌లోకి వెళ్లింది. రెండోసారి ప్రయత్నించేసరికి లెనన్ గొంతు పోయింది. అప్పుడతనికి 22 ఏళ్లు! వాచిన జెల్లీ బరువెక్కి అల కట్టనంటుంది, దీనికి వయసుతో పనిలేదు. రెండు మూడు రోజులు ఊరుకుంటే వాపు తీస్తుంది.

ఊరుకోకపోతే? రోజూ గడ్డపార పట్టే చేతికి ఏమవుతుందో అదే, కాయలు కాస్తాయి. వైద్యులు వీటిని నాడ్యూల్స్ అంటారు. మడతలో ఊగే భాగానికి సరిగ్గా నడిమధ్య కాస్తాయి, ఎందుకంటే ఊపు అక్కడే ఎక్కువ, దెబ్బా అక్కడే గట్టిది. ఇంగ్లండ్ గాయకుడు ఎల్టన్ జాన్‌కు 1986 డిసెంబర్‌లో సిడ్నీలో మెల్‌బోర్న్ సింఫనీ ఆర్కెస్ట్రాతో పాడుతున్న రోజుల్లోనే గొంతు బొంగురుపోయింది. 1987 జనవరిలో ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత ఆయన గొంతు కిందికి దిగి బరువెక్కింది. పాత పాటల్లో అలవోకగా ఎక్కిన ఫాల్సెటో, అదే మనం దొంగగొంతు అంటామే, అది చాలావరకు పోయింది. గమనించారా, ఇక్కడ కూడా ముందు పోయింది పల్చటి స్వరమే. గట్టి స్వరంతో ఆయన ఇంకో 36 ఏళ్లు తిరిగి 2023 జులైలో స్టాక్‌హోమ్‌లో చివరి టూర్ ముగించారు.

ఇక అరుపు. రాక్ గాయకుడి జీరగొంతు అంతా మడతల్ని రాపాడించి తీసేదే అనుకుంటాం. అన్నిసార్లూ కాదు. స్వరపు మడతలకు కొంచెం పైన ఇంకో జత మడతలుంటాయి, మామూలు మాటలో వాటికి పని లేదు. 2016లో క్రిస్టియన్ హెర్బ్‌స్ట్ అనే శాస్త్రవేత్త బృందం, క్వీన్ రాక్ బృందం గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ గొంతు మీద పరిశోధన ప్రచురించింది. ఆయన 1991లోనే 45 ఏళ్లకు పోయారు కాబట్టి, ఆ జీరను అనుకరించగల మరో రాక్ గాయకుడి గొంతులోకి సెకనుకు 4,000 పైగా బొమ్మలు తీసే కెమెరా పంపారు. పై జత కూడా ఊగుతోంది! కింది జత మూడుసార్లు కొడితే పైది ఒకసారి. మూడు చప్పట్లకొకసారి పక్కవాడు దుప్పటి దులిపినట్టు. చెవికి అదే గరగర. గరగరలో కొంత భాగం పై జత మోస్తుంటే కింది జత మరీ చితకదు. ఇది చేతనైనవాడు 70 దాటినా జీర పలికిస్తాడు. చేతకానివాడు ముప్పైలోపే డాక్టరు దగ్గర తేలతాడు.

ఇప్పుడు గడప దగ్గరకు వద్దాం. 1988లో ఇంగో టీట్సె అనే శాస్త్రవేత్త ఆ మూడు సెంటీమీటర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో లెక్క కట్టాడు. చిన్న సమీకరణమే. పైన మూడు గుణించుకుంటాయి: జెల్లీ జిగట, అల వేగం, మడతల మధ్య సందు. కింద భాగించేది ఒకటే: మడత మందం. దీన్ని 80 ఏళ్ల గొంతులో పెట్టి చూడండి. వయసుతో లోపలి కండరం తగ్గుతుంది, మందం పడిపోతుంది. కండరం తగ్గిన మడత అంచు నడిమధ్య విల్లులా వెనక్కి వంగుతుంది, రెండూ కలిసినా మధ్యలో సందు మిగులుతుంది. జెల్లీ పొరలో సాగే గుణం పోయి కొలాజెన్ అనే గట్టి ప్రోటీన్ పోగులు చిక్కబడతాయి, బిగిసిన ముసుగు మీద అల వేగం పెరుగుతుంది. పైనున్నవి పెరిగాయి, కిందున్నది తగ్గింది. అన్నీ ఒకే వైపు తోశాయి, గడప లేచింది.

మెత్తగా పాడటమంటే గడపను అరంగుళం ఎత్తులో దాటడం. గడప లేస్తే కాలు తగులుతుంది. కొన్ని చప్పట్లు పడతాయి, కొన్ని పడవు, మధ్యలో గాలి జారిపోతుంది. మనకు వినిపించేది వణుకు. అరిచేవాడు ముప్పై సెంటీమీటర్ల మీద నుంచి దూకుతాడు, వాడికి గడప మూడైనా ఆరైనా తేడా తెలియదు. పైగా అరిచేటప్పుడు మడతల్ని గట్టిగా అదిమి పట్టుకుంటాం కాబట్టి వంగిన అంచుల మధ్య సందు కూడా మూసుకుపోతుంది. అనుమానం ఉన్న గొంతును పరీక్షించేటప్పుడు వైద్యులు గట్టిగా పాడమనరు. ఒక చిన్న పాట పైస్థాయిలో, వీలైనంత మెల్లగా పాడమంటారు. దాగిన లోపం అక్కడ దొరుకుతుంది.

సందు మరీ పెద్దదైతే అరుపూ అందదు. అమెరికా రాక్ గాయకుడు జాన్ బాన్ జోవికి ఒక మడత క్షీణించింది. 2022లో ఆపరేషన్ చేసి, ఆ మడత వెనక నుంచి ఒక చిన్న ఇంప్లాంట్ పెట్టి మధ్యకు తోశారు. సన్నబడ్డ చేతికి వెనక దిండు పెట్టి రెండో చేతిని అందుకునేలా చేయడం అన్నమాట. అప్పటికి ఆయనకు 60.

తేనె, వేడినీళ్ల గురించి కూడా అడుగుతారు కాబట్టి ఒక మాట. మింగింది ఏదీ మడతల్ని తాకదు. తాకితే పొలమారుతుంది, దగ్గి బయటికి తోసేస్తాం. తేనె పై గొంతుకు హాయి, అంతే. మడతలకు తడి రక్తం నుంచి, పీల్చే గాలి నుంచి రావాలి, అందుకే నీళ్లు తాగిన ఫలితం గంటల తర్వాత కనబడుతుంది. గుసగుసలాడితే గొంతుకు విశ్రాంతి అనే నమ్మకం కూడా అంతంతమాత్రమే. చాలామంది గుసగుసకు గొంతు ఇంకా బిగిస్తారు.

తేనె కంటే ఎక్కువ మేలు చేసింది చెవిలో పెట్టుకునే మానిటర్. చుట్టూ మోత ఉంటే మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం, ఎతియెన్ లాంబార్డ్ 1911లోనే గమనించాడు. 1965 ఆగస్టులో న్యూయార్క్ షియా స్టేడియంలో 55 వేల మంది కేకల మధ్య బీటిల్స్‌కు తమ పాట తమకే వినబడలేదు. ఇప్పుడు చెవిలోనే తన గొంతు వినబడుతుంటే గాయకుడు అనవసరంగా అరవడు. రెండోది విరామం. అదే మెకార్ట్నీ 1960లో హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రికి నాలుగు నుంచి ఆరు గంటలు వాయించిన బృందంలో ఉన్నారు. 2024లో రోలింగ్ స్టోన్స్ బృందం గాయకుడు, 80 ఏళ్ల మిక్ జాగర్ అమెరికా టూర్‌లో చాలా కచేరీల మధ్య మూడు నాలుగు రోజుల ఖాళీ ఉంది. మనం ఆయన పరుగులు చూసి ఆశ్చర్యపోతాం. నాకు ఆ ఖాళీలే గొప్పగా కనిపిస్తాయి.

ఈ లెక్కకు అడ్డం వచ్చినట్టు కనబడేవాడు లెడ్ జెప్పెలిన్ రాక్ బృందం గాయకుడు రాబర్ట్ ప్లాంట్. 2007 డిసెంబర్ 10న లండన్‌లో ఆ బృందం మళ్లీ కలిసి వాయించినప్పుడు ఆయనకు 59. కొన్ని పాటల శ్రుతి దించుకుని ఆ అరుపులన్నీ అరిచారు, బాగానే అరిచారు. అయినా మళ్లీ ఆ బృందంతో టూర్‌కు వెళ్లలేదు. అదే ఏడాది అక్టోబర్‌లో గాయని ఆలిసన్ క్రౌస్‌తో కలిసి పాడిన ఆల్బమ్ వచ్చింది, 2009లో గ్రామీ అవార్డుల్లో ఆ ఏటి మేటి ఆల్బమ్ అయింది. అందులో ఆయన దాదాపు అంతా మెత్తగానే పాడారు, వణుకు లేదు. వయసుతో మెత్తటి పాట పోతుందన్నాను కదా, మరి ఇదెలా? సమీకరణంలో కిందున్న అంకె చూడండి. పైస్థాయి స్వరానికి మడత సాగి పల్చబడుతుంది. కింది స్థాయిలో అదే మడత పొట్టిగా ముడుచుకుని మందమవుతుంది, గడప దిగుతుంది. ప్లాంట్ మెత్తగా పాడారు, కానీ కింద పాడారు. పై స్వరాలు చాలావరకు ఆలిసన్ చూసుకున్నారు.