పంపు హౌస్‌లో మావయ్యా మేనల్లుడూ: ఈ అప్రెంటిస్ గొడవ ఎక్కడిది

మళ్ళీ మొదలైంది. ఎండలు ముదిరి కొళాయిలో నీళ్ళు సన్నబడితే చాలు, ఒడిశాలో మా గజపతి, గంజాం జిల్లాల వైపు తెలుగోళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో రెండు గొడవలు లేస్తాయి. నీళ్ళు ఎందుకు రాలేదన్నది ఒకటి, పంపు హౌస్‌లో ఎవరిని పర్మనెంట్ చేస్తారన్నది ఇంకోటి. ఈసారి రెండోదే వేడిగా ఉంది. ఒక ఆఫీసులో (పేరెందుకులెండి) ఏడాది అప్రెంటిస్ చేసి బయటికొచ్చిన ఐటిఐ కుర్రాళ్ళు పోస్టులు పడితే ముందు మాకే ఇవ్వాలంటున్నారు, అదే పంపు హౌస్‌లో ఏజెన్సీ (మనుషుల్ని సప్లై చేసే ప్రైవేటు కాంట్రాక్టరు) కింద ఏళ్ళ తరబడి వాల్వులు తిప్పుతున్నవాళ్ళు మరి మేమేమైపోవాలి అంటున్నారు. రెండు పక్కలా మనోళ్ళే. నాకు తెలిసిన ఒక ఇంట్లో అయితే మావయ్య ఒక పక్క, మేనల్లుడు ఒక పక్క.

1936 నుంచి మొదలెట్టను, పర్లాకిమిడి ఒడిశాలో ఎలా కలిసిందో ఇక్కడ టీ కొట్టు దగ్గర ఎవరినడిగినా చెప్తారు. అప్రెంటిస్ చట్టం 1961లో వచ్చిందన్నదీ అక్కడితో వదిలేద్దాం. నా లెక్కలో ఈ తలనొప్పి మొత్తానికి మూలం 2014.

అంతకు ముందు ఆ చట్టంలో 22వ సెక్షన్ మొహమాటం లేకుండా ఉండేది, ట్రైనింగ్ అయ్యాక అప్రెంటిస్‌కి ఉద్యోగం ఇచ్చి తీరాలని ఏమీ లేదు అని. 2014 డిసెంబరులో అమల్లోకి వచ్చిన సవరణలో ఆ ముక్క తీసేసి, ప్రతి సంస్థా తన దగ్గర అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్ళని తీసుకోవడానికి సొంత పాలసీ రాసుకోవాలి అని పెట్టారు. వినడానికి ఎంత బావుందో. రాసుకోమన్నారు గానీ అందులో ఏముండాలో చెప్పలేదు, ఖాళీ ఉంటే చూస్తాం అని ఒక లైను రాసినా అదీ పాలసీయే. అదే సవరణలో యజమానికి జైలు శిక్ష ఎత్తేశారు, అప్రెంటిస్‌లు తక్కువైతే తలకి నెలకి 500, మూడు నెలలు దాటితే 1,000 జరిమానా అన్నారు.

తర్వాత 2016లో కేంద్రం స్కీము వచ్చింది, స్టైపెండులో పావు వంతు, నెలకి 1,500 మించకుండా, కేంద్రమే భరిస్తుంది. 2019లో రూల్స్ మార్చి, 30 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట అప్రెంటిస్‌లని తీసుకోవడం తప్పనిసరి చేశారు, మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా. ఐటిఐ పాసైనవాడికి నెలకి కనీసం 7,000 అని అప్పుడు పెట్టారు. ఇక్కడే నాకు నవ్వొచ్చేది. ఆ శాతం తీసేటప్పుడు కాంట్రాక్టు వాళ్ళని కూడా కలిపే లెక్క కడతారు. అంటే ఏజెన్సీలో మావయ్య ఉన్నాడు కాబట్టే మేనల్లుడికి సీటు వచ్చింది, తీరా పోస్టు దగ్గరికొచ్చేసరికి మావయ్య సిబ్బంది కాదు, బయటివాడు.

కుర్రాళ్ళ చేతిలో ఉన్న కాగితం 1995 నాటి సుప్రీంకోర్టు తీర్పు, యూపీ ఆర్టీసీ కేసు. మిగతావన్నీ సమానంగా ఉంటే బయటివాళ్ళ కంటే ట్రైనింగ్ అయిన అప్రెంటిస్‌కే ప్రాధాన్యం ఇవ్వాలని, వయసులో కూడా సడలింపు ఇవ్వాలని అందులో ఉంది. గట్టి పాయింటే, కాదనను. కానీ "మిగతావన్నీ సమానంగా ఉంటే" అన్న ముక్క దగ్గర ఎవరూ ఆగట్లేదు, గ్రూపులో పెట్టిన స్క్రీన్‌షాట్‌లో కూడా ఆ లైను సగం కట్ అయిపోయింది.

మిగతావి సమానమా? కిందటేడు ఒక రాత్రి పని మీద పంపు హౌస్‌కి వెళ్ళి ఓ రెండు గంటలు కూర్చున్నాను. ఏజెన్సీ ఆయన, ఇందాక చెప్పిన మావయ్యే, యాభై దాటిన మనిషి, క్లోరిన్ గది తలుపు తీసే ముందు ఒక కర్రకి గుడ్డ చుట్టి అమ్మోనియాలో ముంచి లోపలికి పెట్టాడు. లీకుంటే తెల్లగా పొగ లేస్తుందట, లేవలేదు, అప్పుడు వెళ్ళాడు. పక్కన అప్రెంటిస్ కుర్రాడు ఇది పుస్తకంలో ఉంది అన్నాడు, ఉంది నిజమే, కానీ కర్ర ఎక్కడుందో అతనికి తెలీదు. తర్వాత పెద్ద వాల్వు కట్టడం. ఆయన తిప్పులు లెక్కపెట్టుకుంటూ, చివర్లో మరీ నెమ్మదిగా, ఊపిరి బిగబట్టినట్టు తిప్పాడు. గబుక్కున కట్టేస్తే పైపులో పరిగెడుతున్న నీరు ఒక్కసారి ఆగి వెనక్కి తంతుంది, పాత లైను ఎక్కడో ఒక చోట పగులుతుంది, తెల్లారేసరికి ఒక వీధంతా బురద. ఏ వాల్వు ఎన్ని తిప్పులో, ఏది ఎదురు తిరుగుతుందో ఆయన దగ్గర నోటుబుక్కులో ఉంది, తెలుగులో, పెన్సిలుతో. చివర్లో నీళ్ళు ఒక చిన్న గాజు గొట్టంలో పట్టి రెండు చుక్కల మందేసి లైటుకి అడ్డంగా పెట్టి చూశాడు, లేత పసుపు, అంటే నీళ్ళలో క్లోరిన్ ఉన్నట్టే. చివరి కొళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి అన్న నంబరు మాత్రం టక్కున చెప్పింది కుర్రాడే. ప్యానెల్ బోర్డూ, ఫ్లో మీటరూ చదవడంలో కూడా కుర్రాళ్ళే నయం, అది ఆయనే ఒప్పుకున్నాడు.

నీళ్ళ పని ఒడిశాలో కాగితంతో మొదలవ్వలేదు. కేంద్రాపడా జిల్లా పట్టాముండై వైపు ప్లంబర్లు దేశంలో ఏ సిటీలో చూసినా కనిపిస్తారు కదా, వాళ్ళ తాతలు బ్రిటిష్ కాలంలో కలకత్తా కంపెనీల్లో హెల్పర్లుగా చేరి, దేశ విభజనప్పుడు తూర్పు బెంగాల్ మేస్త్రీలు వెళ్ళిపోతే ఆ పని అందుకున్నారని చెప్తారు. అన్న తమ్ముడికి, బావ బావమరిదికి నేర్పుకుంటూ వచ్చారు. ప్రభుత్వం పట్టాముండైలో ప్లంబింగ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకి.

మన ఏజెన్సీ ఆయనకి కాగితం వచ్చే దారి అసలు లేకపోలేదు. 2015లో మొదలైన కేంద్ర నైపుణ్య పథకంలో, చేతికొచ్చిన పనికి కొద్ది రోజుల ఓరియెంటేషన్ ఇచ్చి, పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉంది, ఆర్‌పీఎల్ అంటారు. ఆయనకి ఆ సంగతి నేను చెప్పేదాకా తెలీదు. ఆఫీసులో ఎవరికీ చెప్పాలని కూడా అనిపించలేదు మరి.

2022 అక్టోబరు మాట కూడా ఎత్తాలి. అప్పటి ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ కాంట్రాక్టు నియామకాలు రద్దు చేసి 57,000 మందికి పైగా రెగ్యులర్ చేస్తున్నామని ప్రకటించినప్పుడు రాష్ట్రమంతా స్వీట్లు పంచుకున్నారు. అది సర్కారు నేరుగా కాంట్రాక్టు మీద తీసుకున్నవాళ్ళకి. ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్ళు ఆ లెక్కలోకి రారు. మన పంపు హౌస్ వాళ్ళకి ఈ తేడా రెండ్రోజులు పోయాక గానీ తెలీలేదు, ఈలోపు ఒకాయన ఇంట్లో సత్యనారాయణ వ్రతం కూడా చేయించేశాడు.

ఈ మధ్యలో ఇంకా జనం చేరారు. 2021 జులైలో పూరీలో కొళాయి నీళ్ళు నేరుగా తాగొచ్చన్న సుజల్ స్కీము మొదలయ్యాక జలసాథీలన్న పేరు బాగా వినబడింది, స్వయం సహాయక సంఘాల ఆడవాళ్ళు, మీటర్లు చూస్తారు, బిల్లులు వసూలు చేస్తారు, నీళ్ళు టెస్టు చేస్తారు, వాళ్ళకి జీతం కాదు, ఇన్సెంటివ్. పల్లెల్లో జల్ జీవన్ మిషన్ కింద నల్ జల్ మిత్ర అని ప్లంబింగు, కరెంటు, మోటారు పనులు అన్నీ ఒకడికే నేర్పుతున్నారు. వీళ్ళెవరి మాటా ఈ గొడవలో ఎవరూ అడగట్లేదు, నేనూ ఇక్కడ రెండు లైన్లతో సరిపెట్టేస్తున్నాను.

ఇక అసలు తిరకాసు. రేపు నిజంగానే రెగ్యులర్ పోస్టులు పడ్డాయే అనుకోండి, రాష్ట్ర ఉద్యోగానికి ఏడో తరగతిలో ఒడియా ఒక సబ్జెక్టుగా పాసై ఉండాలి, లేదా ఆ స్థాయి పరీక్ష విడిగా రాసి గట్టెక్కాలి. మన కుర్రాళ్ళలో సగం మంది రాష్ట్రం గీత దాటి ఆంధ్రాలో పాతపట్నంలోనో శ్రీకాకుళంలోనో తెలుగు మీడియం చదివొచ్చినవాళ్ళు. ఏజెన్సీ వాళ్ళని ఆ మాట ఏనాడూ ఎవరూ అడగలేదు, వాల్వుకి భాషతో పనేంటి. తీర్పు స్క్రీన్‌షాట్ పెట్టిన కుర్రాడిని అడిగితే పరీక్ష రాస్తాలే అన్నాడు, ఇంకా అప్లై చెయ్యలేదు.

మొన్న ఆ నోటుబుక్కుని కుర్రాళ్ళు పేజీ పేజీ ఫోన్లో ఫొటోలు తీసుకున్నారు, ఆయనే ఇచ్చాడు తీసుకోమని. ఇప్పుడు ఆఫీసు వాళ్ళు దాన్ని రికార్డు కోసం ఒడియాలో రాసి ఇమ్మన్నారట. ఆయనకి ఒడియా మాట్లాడ్డం వచ్చు, రాయడం రాదు. మేనల్లుడికి రెండూ అంతంతే.