ఇంటి వెబ్ సర్వర్‌ను బయటి నుంచి చేరుకోవడం: అపోహలు - వాస్తవాలు

ఇంట్లోని కంప్యూటర్‌లో వెబ్ సర్వర్ నడపడం ఒక పూట పని. దానిని బయటి నుంచి తెరవగలిగేలా చేయడం దగ్గరే చాలామంది ఆగిపోతుంటారు. నెట్‌వర్క్ పనిలో ఉన్నందున నన్ను ఈ విషయమై సలహా అడిగేవారు ఎక్కువ. వారి మాటల్లో తరచుగా వినిపించే నమ్మకాలను, వాటి వెనుక ఉన్న అసలు సంగతిని ఇక్కడ వివరిస్తున్నాను.

అపోహ: రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (ఒక పోర్ట్‌కు, అంటే అంకెతో గుర్తించే సేవా ద్వారానికి, బయటి నుంచి వచ్చే అభ్యర్థనను ఇంటి సర్వర్‌కు మళ్లించే నియమం) పెడితే చాలు.

వాస్తవం: రౌటర్‌కు సొంత పబ్లిక్ ఐపీ చిరునామా ఉన్నప్పుడే ఇది నిజం. ఇప్పటికీ ఎక్కువగా వాడే పాత తరం ఐపీ చిరునామాలు, అంటే ఐపీవీ4 చిరునామాలు, మొత్తం సుమారు 430 కోట్లే; కేంద్ర నిల్వలో మిగిలిన చివరి భాగాలను 2011 ఫిబ్రవరిలోనే ప్రాంతీయ సంస్థలకు పంచేశారు. ఈ కొరత కారణంగా అనేక ఇంటర్నెట్ సంస్థలు ఒకే పబ్లిక్ చిరునామాను ఎన్నో ఇళ్లకు కలిపి వాడే సీజీన్యాట్ పద్ధతిని అమలు చేస్తున్నాయి. అటువంటి కనెక్షన్‌లో బయటి నుంచి వచ్చే అభ్యర్థన సంస్థవారి పరికరం దగ్గరే ఆగిపోతుంది కనుక, మీ రౌటర్‌లో ఎన్ని నియమాలు రాసినా అవి పనికి వచ్చే అవకాశమే రాదు.

అందువల్ల మొదట చేయవలసినది ఒక చిన్న పరీక్ష. రౌటర్ పేజీలో వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) చిరునామాగా కనిపించేదానిని, ఐపీ చూపించే ఏదైనా వెబ్‌సైట్ చెప్పేదానితో పోల్చి చూడండి. రెండూ ఒకటే అయితే ముందుకు సాగవచ్చు. వ్యాన్ చిరునామా 100.64 నుంచి 100.127 వరకు గల అంకెలతో మొదలైతే అది సీజీన్యాట్. ఆ శ్రేణిని 2012లో ఇందుకోసమే కేటాయించారు. 192.168తో మొదలైతే ఆశ వదులుకోనక్కరలేదు: చాలా సందర్భాల్లో ఇంట్లోని మోడెమ్ కూడా రౌటర్‌గా పనిచేస్తుండటమే కారణం, దానిని బ్రిడ్జ్ మోడ్‌లోకి (రౌటర్ పని మాని మోడెమ్‌గా మాత్రమే పనిచేసే అమరికలోకి) మారిస్తే సరిపోతుంది.

సీజీన్యాట్ అని తేలినవారు పబ్లిక్ చిరునామా ఇవ్వమని సంస్థను అడగవచ్చు. అది కుదరకపోతే, బయట ఒక చిన్న సర్వర్‌ను అద్దెకు తీసుకొని, ఇంటి నుంచి దానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాధనంతో సొరంగం (ఎన్‌క్రిప్ట్ చేసిన దారి) వేయడం నాకు నచ్చిన మార్గం. కనెక్షన్ ఇంటి లోపలి నుంచి మొదలవుతుంది కాబట్టి న్యాట్ (ఒకే పబ్లిక్ చిరునామాను పలు పరికరాలకు పంచే ఏర్పాటు) అడ్డురాదు. అయితే ఇంటివైపు అమరికలో పర్సిస్టెంట్ కీప్‌అలైవ్‌ను (దారి తెరిచి ఉంచేందుకు తరచూ పంపే చిన్న సంకేతాన్ని) 25 సెకన్లకు పెట్టకపోతే, కాసేపు ఏ డేటా కదలనప్పుడు న్యాట్ ఆ దారిని మరచిపోతుంది.

అపోహ: స్టాటిక్ ఐపీ (ఎప్పటికీ మారని చిరునామా) తప్పనిసరి.

వాస్తవం: ఉంటే మంచిదే, లేకపోయినా నడుస్తుంది. చిరునామా మారినప్పుడల్లా డొమైన్ పేరును చిరునామాతో కలిపే డీఎన్‌ఎస్ నమోదును సవరించే డైనమిక్ డీఎన్‌ఎస్ ఇందుకే ఉంది.

అపోహ: ఇంట్లో నుంచి డొమైన్ పేరుతో తెరుచుకోలేదంటే అమరిక తప్పినట్లే.

వాస్తవం: లోపలి నుంచి బయటి చిరునామాకు వెళ్లి తిరిగి లోపలికి వచ్చే హెయిర్‌పిన్ మార్గాన్ని కొన్ని రౌటర్లు అనుమతించవు. ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటాతో పరీక్షించాలి.

అపోహ: ఐపీవీ6 (కొత్త తరం చిరునామాలు) ఉంటే న్యాట్ లేదు కనుక సర్వర్ దానంతట అదే బయటికి తెరుచుకుంటుంది.

వాస్తవం: న్యాట్ లేకపోయినా ఫైర్‌వాల్ ఉంటుంది. ఇంటి రౌటర్లు సాధారణంగా లోపలికి వచ్చే ఐపీవీ6 కనెక్షన్లను ఆపివేస్తాయి కాబట్టి, సర్వర్ చిరునామాకు హెచ్‌టీటీపీఎస్ వాడే 443 పోర్ట్‌ను విడిగా అనుమతించాలి. పైగా, చూసేవారి కనెక్షన్‌లో కూడా ఐపీవీ6 ఉండాలి.

అపోహ: చిరునామా ఎవరికీ చెప్పలేదు, కాబట్టి ఎవరూ రారు.

వాస్తవం: 2013లో వెలువడిన జడ్‌మ్యాప్ అనే సాధనం, ఒక్క గిగాబిట్ కనెక్షన్‌తో ఐపీవీ4 చిరునామాలన్నింటిలో ఒక పోర్ట్‌ను 45 నిమిషాల లోపే పరిశీలించగలదని నిరూపించింది. హెచ్‌టీటీపీఎస్ కోసం మీరు తీసుకున్న సర్టిఫికెట్ కూడా సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ లాగ్‌లలో బహిరంగంగా నమోదవుతుంది. రహస్యమనుకున్న సబ్‌డొమైన్ పేరు అక్కడ ఎవరికైనా కనిపిస్తుంది. దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ పోర్ట్‌ను 22 నుంచి మార్చడం వల్ల సర్వర్ లాగ్‌లో చెత్త తగ్గుతుందే తప్ప రక్షణ పెరగదు. పాస్‌వర్డ్ లాగిన్‌ను ఆపి ఎస్‌ఎస్‌హెచ్ కీ ఫైళ్లను మాత్రమే వాడటం అసలైన రక్షణ.

అపోహ: హెచ్‌టీటీపీఎస్ పెట్టాను, ఇక భయం లేదు.

వాస్తవం: అది దారిలో ప్రయాణించే సమాచారాన్ని కాపాడుతుంది, పాతబడిన అప్లికేషన్‌లోని లోపాన్ని దాడి చేసేవాడు అదే ఎన్‌క్రిప్టెడ్ దారిలో వచ్చి వాడుకోగలడు. సర్టిఫికెట్ కోసం 80 పోర్ట్ తెరవడం కుదరనివారు, ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థవారి డీఎన్‌ఎస్ పద్ధతిని (డొమైన్ తమదేనని డీఎన్‌ఎస్ నమోదుతో నిరూపించడం) వాడవచ్చు, దానికి ఏ పోర్టూ తెరవనక్కరలేదు.

అపోహ: పోర్ట్ ఫార్వర్డింగ్ కుదరకపోతే డీఎమ్‌జడ్ ఆన్ చేయడం సులువైన పరిష్కారం.

వాస్తవం: ఇంటి రౌటర్లలోని డీఎమ్‌జడ్ దాదాపు అన్ని పోర్టులనూ ఒకే యంత్రం వైపు మళ్లిస్తుంది. మీరు తెరిచామని కూడా ఎరగని డేటాబేస్, ఫైల్ షేరింగ్ సేవలు దానితో బయటపడతాయి. 443ను, అవసరమైతే 80ని మాత్రమే ఫార్వర్డ్ చేసి, వీలైతే సర్వర్‌ను ఇంటిలోని ఇతర పరికరాల నుంచి వేరుచేసిన వీల్యాన్‌లో (నెట్‌వర్క్‌లోని విడి భాగంలో) ఉంచండి.